మేడమీద వెదురు యోగశాల – దాని వెనుక కొంత చరిత్ర



మన సంఘ భవనం మేడమీద వెదురుతో కట్టుకున్న యోగశాలను ఈ ఏడాది జూన్ 21న ప్రారంభించుకున్న సంగతి మీకు తెలిసిందే. ఆ సందర్భంగా వెలువడుతున్న ఈ ప్రత్యేక సంచికకు వెదురు గురించి, ఆ కట్టడం గురించి నాలుగు ముక్కలు రాయమని సంపాదకవర్గం వారు నన్ను కోరారు. నేను ఇంజనీరును కాను. యోగాచార్యుణ్ణి అసలే కాను. ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళతో కాపురం చేసి 2008లో పదవీ విరమణ పొందిన గుమాస్తాను. అయితే ఆ సర్వీసులో పదకొండేళ్ళు అడవి సరుకు పర్మిట్లు చూసే సీటులో కూర్చున్నాను. వెదురును నేను మొదట చూసింది కాగితం మీదనే. చేత్తో పట్టుకుని చూసింది డెబ్బై అయిదో ఏట, ఈ యోగశాల పుణ్యమా అని. ఆ రెండింటికీ మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసం.

మాట ఎలా మొదలైంది

మన యోగా తరగతి చాలాకాలం కింది హాలులోనే జరిగింది. రోజూ తెల్లవారుజామున కుర్చీలు తీయడం, మళ్ళీ వేయడం, ముహూర్తాల రోజుల్లో హాలు అద్దెకిచ్చి తరగతి మానుకోవడం అందరికీ అనుభవమే. మేడమీదికి వెళదామంటే వేసవిలో ఆరున్నర దాటితే ఎండ, ఆ తరువాత వాన. మేడమీద ఒక గది వేద్దామని కార్యవర్గంలో తీర్మానం వచ్చింది.

మన సభ్యులలో విశ్రాంత ఇంజనీరు గారు ఒకరు ఒక తెల్లకాగితం మీద లెక్క వేసి చూపించారు. ఆ లెక్క నాకు ఇప్పటికీ కంఠతా ఉంది. ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై ఆరు అడుగుల పొడవు గదికి అయిదంగుళాల శ్లాబు వేస్తే ఆ శ్లాబు బరువొక్కటే 20 టన్నుల పైమాట. తొమ్మిదంగుళాల ఇటుక గోడ పదడుగుల ఎత్తు లేపితే, మీటరు పొడవుకు టన్నుకు పైగానే తూగుతుంది. మన భవనం 1980లలో ఒక అంతస్తు కోసమే కట్టినది. మేడమీద చదరపు మీటరుకు 150 కిలోల రాకపోకల బరువు మోస్తే అదే గొప్ప. "పైన గది కావాలంటే ముందు కింద పునాది మార్చాలండీ" అని ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇనుప రేకుల షెడ్డు వేద్దామన్నారు ఒకరు. మధ్యాహ్నం అందులో అప్పడాలు కాల్చుకోవచ్చు. వానొస్తే గురువుగారి మాట వినపడదు. అప్పుడు ఇంజనీరు గారే వెదురు మాట ఎత్తారు.

సర్వసభ్య సమావేశంలో పెద్ద గొడవే అయింది. గాలికి ఎగిరిపోతుందన్నారు, పురుగు పడుతుందన్నారు, నిప్పు అంటుకుంటుందన్నారు. ఇవన్నీ న్యాయమైన భయాలే, వీటికి సమాధానం కిందికి వస్తాను. అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఒక పెద్దాయనది. "ఈ వయసులో మనం వెదురు కింద పడుకుని శవాసనం వెయ్యాలా? వెదురంటే నాకు పాడే గుర్తొస్తుంది" అన్నారు. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు వెనక వరసలో కూర్చున్న ఒక సభ్యుడి గారి భార్య లేచి, "పుట్టిన బిడ్డను పడుకోబెట్టేది చాటలో, ఊపేది వెదురు ఉయ్యాలలో, పెళ్ళికూతుర్ని పీటల మీదికి తెచ్చేది బుట్టలో. అవేవీ గుర్తు రాకుండా పాడె ఒక్కటే గుర్తొస్తే ఆ తప్పు వెదురుది కాదు అన్నయ్యగారూ" అన్నారు. పెద్దాయనే ముందు నవ్వారు. తీర్మానం నెగ్గింది.

వేణువనం, గుంటుపల్లి

ధ్యానానికీ వెదురుకూ సంబంధం కొత్తది కాదు. మగధరాజు బింబిసారుడు బుద్ధుడికీ, ఆయన సంఘానికీ మొదట దానమిచ్చిన ఆరామం రాజగృహం దగ్గరి వేణువనం. పేరులోనే ఉంది, అది వెదురు తోట. రాజు రాతి మేడ కట్టించి ఇవ్వలేదు. ఊరికి మరీ దగ్గర కాకుండా, మరీ దూరం కాకుండా ఉన్న వెదురు నీడ ఇచ్చాడు.

ఆ కాలపు వెదురు కుటీరాలు ఏవీ మిగలలేదు. వెదురు మిగిలే వస్తువు కాదు. కాని వాటి రూపం మాత్రం రాతిలో మిగిలింది. బీహారులో బరాబర్ కొండల మీద లోమశ ఋషి గుహ ముఖద్వారం చూడండి. అశోకుని కాలపు పని, క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం. ద్వారం పైభాగం గుడిసె ముఖంలా వంపు తిరిగి ఉంటుంది. వాసాల చివర్లు బయటికి పొడుచుకు వచ్చినట్టు రాతిలో చెక్కారు.

అంత దూరం వెళ్ళక్కర్లేదు. మన ఏలూరు జిల్లాలో కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండ ఉంది. అక్కడి గుండ్రటి చైత్యగృహం లోపలికి వెళ్ళి తల ఎత్తి చూస్తే, పైకప్పు నిండా వాసాలు నడినెత్తిన కలుసుకుంటూ కనిపిస్తాయి. అన్నీ రాయే. మన కోస్తా ఊళ్ళలో నిన్నమొన్నటి దాకా ఉన్న చుట్టిల్లును రాతిలో తిరగేసి చూపించినట్టుంటుంది. మధ్యలో ఉన్న స్తూపాన్ని చుట్టుపక్కల వారు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. నేను ఉద్యోగంలో ఉండగా రెండుసార్లు ఆ కొండ ఎక్కాను. రెండుసార్లూ "ఏదో పాత గుహ" అనుకుని దిగి వచ్చాను. యోగశాల పని మొదలుపెట్టే ముందు మూడోసారి, మనవడి చెయ్యి పట్టుకుని ఎక్కాను. రాతికి ఆ వాసాల అవసరం లేదు. కొండను తొలిచినవాడికి ఇల్లంటే వాసాలున్నదే. అందుకే అవసరం లేకపోయినా చెక్కాడు. కర్రతో, వెదురుతో కట్టేవాడు రాతిపనివాడికి గురువు అన్నమాట.

యోగ కుటీరం

హఠయోగ ప్రదీపిక అనే గ్రంథం మన గురువుగారు తరచుగా చెప్పేదే. పదిహేనో శతాబ్దానిదంటారు, కర్త స్వాత్మారాముడు. అందులో మొదటి అధ్యాయంలోనే యోగసాధకుడి కుటీరం ఎలా ఉండాలో ఉంది. వాకిలి చిన్నది ఉండాలి. గోడలకు కన్నాలు, పగుళ్ళు ఉండకూడదు. మరీ ఎత్తు కాకూడదు, మరీ పొట్టి కాకూడదు. ఆవుపేడతో చక్కగా అలికి ఉండాలి. పురుగూ పుట్రా ఉండకూడదు. బయట ఒక మండపం, ఒక అరుగు, ఒక నుయ్యి, చుట్టూ ప్రహరీ ఉండాలి. చదివితే పల్లెటూరి రైతు ఇల్లు కళ్ళకు కడుతుంది.

కాని ఆ కుటీరం ఒక్క మనిషికి. పదిమంది ఒకచోట చేరి ఆసనాలు వేయడం ఇటీవలి సంగతి. లోనావాలాలో కువలయానంద స్వామి 1924లో కైవల్యధామ స్థాపించారు. మైసూరు మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడయార్ ఆదరణతో 1933లో కృష్ణమాచార్యుల వారు జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపారు. అప్పటి నుంచి యోగకు కుటీరం చాలక హాలు కావలసి వచ్చింది. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి తీర్మానం చేశాక, 2015 నుంచి జూన్ 21 అంతర్జాతీయ దినమై, ఊరూరా హాళ్ళు చాలడం లేదు.

ఈ రెంటి నడుమ మరో కుటీరాన్ని తలచుకోవాలి. గాంధీగారు 1936లో వార్ధా దగ్గరి సేగాం చేరారు. తరువాత దానికే సేవాగ్రాం అని పేరు వచ్చింది. అక్కడ ఆయన ఉన్న ఇళ్ళు మట్టి, వెదురు, చుట్టుపక్కల దొరికే కర్రతో కట్టినవి. దేశ నాయకులు ఆ చాపల మీదే కూర్చుని మాట్లాడి వెళ్ళారు. ఎవరూ దాన్ని తాత్కాలిక కట్టడం అనలేదు.

గడ్డి చెట్టయింది

మరి మనం ఎందుకు అన్నాం? వెదురిల్లు అంటే "కచ్చా" అని మన రికార్డులన్నిటిలోనూ రాసుకున్నాం. అందులో నా చేతి రాత కూడా ఉంది.

వృక్షశాస్త్రం ప్రకారం వెదురు గడ్డి జాతి. వరికి, చెరుకుకు దాయాది. కాని 1927 నాటి భారత అటవీ చట్టం "చెట్టు" అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో తాటి జాతితో పాటు వెదురును కూడా చేర్చింది. చెట్టయితే కలప, కలపయితే కొట్టడానికి, మోయడానికి అనుమతి కావాలి. పెరట్లో పొద ఉన్న రైతయినా, బుట్ట అల్లే మేదరయినా కాగితం లేకుండా బొంగు కదిపితే నేరం. మరోవైపు కాగితపు మిల్లులకు అడవి వెదురు కారుచౌకగా పోయింది. కర్ణాటకలో ఒక మిల్లుకు టన్ను ఒకటిన్నర రూపాయికి వెదురిచ్చిన సంగతిని శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ బయటపెట్టారు. అదే వెదురును బుట్టలల్లేవాళ్ళు బజారు ధరకు కొనుక్కునేవారు. మనం జీవితమంతా నోట్ ఫైళ్ళు రాసిన కాగితంలో చాలా భాగం ఆ వెదురే.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఇన్నాళ్ళూ ఇంట్లో కూడా చెప్పలేదు.

1981లో నేను జూనియర్ అసిస్టెంటును. ఏ కార్యాలయమో ఇక్కడ అనవసరం. తప్పు కార్యాలయానిది కాదు, నాది. ఒక మేదరి ముసలాయన యాభై బొంగులకు పర్మిటు కోరుతూ అర్జీ పెట్టుకున్నాడు. స్టాంపు సక్రమంగానే అంటించాడు. మాఘమాసం ముహూర్తాలు, బుట్టలకు, చాటలకు గిరాకీ ఉన్న రోజులు. ఆ అర్జీ మీద రెండు వాక్యాల నోట్ రాసి పైకి పంపడం నా పని. అది నా ట్రేలో ఇరవై రెండు రోజులు ఉండిపోయింది. కారణమేమీ లేదు. పైన వేరే కాగితాలు పడ్డాయి, అంతే. ఆయన రెండుసార్లు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "చూస్తున్నాం పొమ్మ"న్నాను.

మూడోవారంలో ఆయన ఒక రైతు పెరట్లో బొంగులు కొని, సైకిలుకు కట్టుకుని వస్తూ పట్టుబడ్డాడు. సరుకు స్వాధీనం చేసుకున్నారు, జరిమానా వేశారు. ఆ ఫైలు నా సీటుకే వచ్చింది. "పర్మిటు లేదు" అని రాశాను. అది నిజమే. అర్జీ నా ట్రేలో ఉందని మాత్రం రాయలేదు. అదీ నిజమే కదా, కాని రాయలేదు. ఆ యాభై బొంగులు ఆఫీసు వెనకాల గోడ వారగా రెండు వానాకాలాలు పడి ఉండి, పుచ్చి, పొడి అయిపోయాయి. నా కిటికీలోంచి కనిపిస్తూ ఉండేవి.

కాలం తిరిగింది

ప్రపంచంలో వెదురు గౌరవం తిరిగి నిలబడింది కష్టకాలంలో. 1999 జనవరి 25న దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో ఆర్మేనియా అనే పట్టణం దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. ఇటుక, కాంక్రీటు భవనాలు ఎన్నో కూలాయి. పాత పద్ధతిలో వెదురు చట్రానికి మట్టి మెత్తి కట్టిన ఇళ్ళలో బాగా కాపాడుకున్నవి చాలావరకు నిలిచాయి. భూకంపం ఇంటి బరువును పట్టి ఊపుతుంది. బరువు తక్కువైతే ఊపూ తక్కువ.

ఆ దేశపు వాస్తుశిల్పి సైమన్ వెలెజ్ జర్మనీలో హానోవర్ నగరంలో 2000లో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు వెదురుతో పెద్ద మండపం కట్టడానికి పూనుకున్నారు. వెదురు మీద జర్మనీ అధికారులకు నమ్మకం చాలలేదు. దాంతో ఆయన ముందు తన దేశంలో మణిజాలెస్ పట్టణంలో అంతే మండపం కట్టి, దాన్ని పరీక్షలకు పెట్టి నిరూపించాక అనుమతి వచ్చింది. ఒక ఫైలు కదలడానికి ఒక భవనం కట్టవలసి వచ్చిందన్నమాట. ఆయన కనిపెట్టిన కిటుకు చిన్నదే. వెదురు గొట్టంలో అతుకు వచ్చే చోట సిమెంటు గుజ్జు నింపి, అందులోంచి ఇనుప బోల్టు దింపడం. అంతకుముందు బోల్టు బిగిస్తే బొంగు చీలిపోయేది.

మన దేశంలో 2005 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతిలో వెదురుకు ప్రత్యేక విభాగం ఇచ్చారు. 2012లో వెదురు కట్టడాల రూపకల్పనకు భారత ప్రమాణాల సంస్థ విడిగా నియమావళి తెచ్చింది. చట్టం వైపు చూస్తే, 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తులలో చేర్చి, అడవిబిడ్డలకు హక్కు ఇచ్చింది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే చిన్న ఊరి గ్రామసభ తన వెదురును తానే అమ్ముకునే రవాణా పర్మిట్ పుస్తకాన్ని 2011లో అందుకుంది. పర్మిటు పుస్తకం గ్రామసభ చేతిలో! ఆ వార్త పేపర్లో చదివిన రోజు నేను టిఫిను చేయలేదు. చివరికి 2017 నవంబరులో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, 1927 చట్టంలోని చెట్టు నిర్వచనంలోంచి వెదురును తీసేసింది. అడవి బయట రైతు పెంచిన వెదురు ఆ చట్టానికి చెట్టు కాకుండా పోయింది. గడ్డి మళ్ళీ గడ్డి కావడానికి 90 ఏళ్ళు పట్టింది.

ఆ తరువాత వెదురు మేడలకూ ఎక్కింది. థాయిలాండ్‌లో చియాంగ్‌మాయ్ దగ్గర ఒక పాఠశాల ఆటల హాలు 2017లో, ఇండొనీషియాలో బాలి ద్వీపంలోని గ్రీన్ స్కూలు వ్యాయామశాల 2021లో వెదురుతో లేచాయి. బాలిలోని దాని వంపులు 14 మీటర్ల ఎత్తు, 19 మీటర్ల వెడల్పు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. మన పక్కనే బెంగళూరు విమానాశ్రయం రెండో టెర్మినల్ 2022 నవంబరులో ప్రారంభమైంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే సభ్యులు అక్కడ తల ఎత్తి చూడండి, కప్పు నిండా వెదురే.

మన యోగశాల ఎలా కట్టాం

ముందు మనిషిని కొలిచాం. చాప ఆరడుగులు, రెండడుగులు. చేతులు చాపడానికి, పక్కవారికి కాలు తగలకుండా, మనిషికి ఎనిమిదడుగుల నిడివి, నాలుగడుగుల వెడల్పు పెట్టాం. ముప్పై ఆరడుగుల పొడవులో తొమ్మిది చాపలు, ఇరవై అడుగుల వెడల్పులో రెండు వరసలు, మొత్తం పద్ధెనిమిది మంది. మిగిలిన నాలుగడుగులు గురువుగారికి. మధ్యలో స్తంభం ఉంటే ఈ లెక్క చెడుతుంది. అందుకే ఏడు వంపులు. ఆరేసి అడుగుల ఎడంతో, ఒక్కొక్కటి ఆ చివరి నుంచి ఈ చివరికి. నేల కూర్చోలేని వారికి పక్కన కుర్చీలు, పట్టుకుని నిలబడడానికి నడుము ఎత్తున వెదురు కమ్మీ.

వంపులు కట్టిన పద్ధతి గుంటుపల్లి వాసాలను గుర్తు చేసింది. నిండు బొంగు అంత వంగదు. దాన్ని నిలువునా బద్దలు చీల్చి, నానబెట్టి, నేల మీద పాతిన మేకుల వెంట వంచి, ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టేస్తే వంపు తయారు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. చీల్చి, నానబెట్టి, ఓపికగా వంచితే మానై కూడా వంగుతుందని మా మేదరి మేస్త్రీ గారు చూపించారు. మన గురువుగారు మా నడుములకు చెప్పేదీ అదే.

నిలువు బొంగులకు లావు ముళ్ళ వెదురు, మిగతా వాటికి దాదాపు గుల్ల లేని సాధన వెదురు వాడాం. మెట్ట ప్రాంతంలో ఒక రైతు పొదల నుంచి, వానలు వెనకపట్టాక, మూడేళ్ళు దాటిన బొంగులనే ఏరి కొట్టించాం. కాగితాలన్నీ సక్రమంగా రాయించి ఫైలు కట్టాను. అలవాటు పోదు కదా. లేత బొంగు మీద తెల్లటి బూడిద ఉంటుంది, ముదిరిన దాని మీద పాచి మరకలుంటాయి. కత్తి మడమతో కొట్టి శబ్దం విని మేస్త్రీ గారు వయసు చెప్పేవారు. సర్వీసు రిజిస్టరు అక్కర్లేదు.

పురుగు తినేది వెదురును కాదు, వెదురులోని పిండిపదార్థాన్ని. వానలు వెళ్ళాక కొట్టిన ముదురు బొంగులో అది తక్కువ. మిగిలినదానికి కణుపుల లోపలి అడ్డుపొరలు ఇనుప చువ్వతో పొడిచి, బోరాక్సు, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళ తొట్టిలో ముంచి ఉంచి, తరువాత నీడలో ఆరబెట్టాం. ఈ శుద్ధి లేని వెదురు ఎండావానలకు రెండు మూడేళ్ళకు మించి ఆగదు. అయితే ఆ ఉప్పు వానకు కొట్టుకుపోతుంది. అందుకే కప్పు అంచు చుట్టూ మూడేసి అడుగులు బయటికి దించాం. బొంగులను నేలకు తగలనివ్వకుండా ఆరంగుళాల ఎత్తు ఇనుప పాదాల మీద నిలబెట్టాం. మనిషి వానలోకి వెళ్ళేటప్పుడు గొడుగు, చెప్పులు చూసుకుంటాడు. వెదురుకూ అవే కావాలి.

తాటాకు వేద్దామని నాకు మనసులో ఉన్నా, మేడమీద నిప్పు భయం ఒప్పుకోలేదు. పైన తేలిక రేకు, లోపల మేదర తడిక, రెంటికీ నడుమ ఆరంగుళాల గాలి. రేకు కాగినా ఆ వేడి తల మీదికి దిగదు, వాన చప్పుడూ సగం తగ్గింది. దీపాలు, అగరువత్తులు కింది హాలులోనే. కరెంటు తీగలన్నీ గొట్టాల్లోనే.

నూట అరవై బొంగులు, తడికలు, రేకు, ఇనుము, అన్నీ కలిపి రెండున్నర టన్నుల లోపు వచ్చింది. శ్లాబుకు 20 టన్నులన్న లెక్క పక్కన పెట్టి చూడండి. కాని ఇక్కడే అసలు చిక్కు ఉంది. మన కోస్తాకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లని ఇంజనీర్లు లెక్కలో తీసుకుంటారు. ఆ గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అందులో మూడింట రెండు వంతులు కప్పును పైకి లాగినా 100 కిలోలు. మన కప్పు బరువు చదరపు మీటరుకు పాతిక కిలోలు కూడా లేదు. బరువైన ఇల్లు కిందికి కూలుతుంది, తేలికైన ఇల్లు పైకి లేస్తుంది. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమను చూసిన తరానికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. కాబట్టి కట్టడం నిలబెట్టడానికి పడిన శ్రమ కన్నా, ఎగరకుండా పట్టి ఉంచడానికి పడిన శ్రమే ఎక్కువ. ప్రతి ఇనుప పాదమూ కింది దూలాలలోకి బోల్టులతో దిగింది. ప్రతి వంపు మీదుగా ఉక్కు తాడు బిగించాం. అతుకుల్లో వెలెజ్ గారి సిమెంటు గుజ్జు కిటుకే వాడాం. తుఫాను హెచ్చరిక వస్తే పక్క తడికలు విప్పేస్తే గాలి అడ్డం లేకుండా సాగిపోతుంది.

మేస్త్రీ గారి మాట

మేదర వీధిలో ఇప్పుడు పని చేసేవి మూడిళ్ళే. మిగతావారి పిల్లలు ఆటోలు నడుపుతున్నారు, దుకాణాల్లో కుదిరారు. ప్లాస్టిక్ బుట్ట వచ్చాక ఎవరు కొంటారు? మా మేస్త్రీ గారికి అరవై దాటాయి. ఒకరోజు ఆయన బద్దలు చీలుస్తుండగా పక్కన పీట వేసుకుని కూర్చుని 1981 సంగతి మొత్తం చెప్పాను. ఆ ముసలాయన కుటుంబం తెలుసా అని అడిగాను. పేరు చెబితే, వాళ్ళు ఎప్పుడో ఊరు వదిలేశారన్నారు.

కొంతసేపు పని చేసుకుంటూనే ఉన్నారు. తరువాత, "ఎన్ని బొంగులన్నారండీ?" అన్నారు.

"యాభై."

"ఎండకీ వానకీ ఆఫీసు ఎనకాలే పడేశారా అండీ?"

"అవును మేస్త్రీ గారూ."

"నీడలోనన్నా పెట్టించాల్సిందండీ గుమాస్తా గారూ. ఎవరో ఒకరికి పనికొచ్చేవి" అని మళ్ళీ కత్తి అందుకున్నారు.

ఆయన నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. చేతిలో బొంగు ఉన్న మనిషికి బొంగే కనిపించింది. నలభై ఏళ్ళు నేను నా తప్పును చూశాను తప్ప, పుచ్చిపోతున్న ఆ యాభై బొంగులను ఒక్కసారీ చూడలేదని అప్పుడు అర్థమైంది.

అందుకే సభ్యులకు నా మనవి. ఈ యోగశాల కట్టి వదిలేస్తే నిలిచేది కాదు. ఏటా వానలకు ముందు, మళ్ళీ అక్టోబరు తుఫానుల ముందు బోల్టులు, తాళ్ళు చూడాలి. బొంగు కింద పసుపుపచ్చని పొడి కనిపిస్తే ఆ రోజే మేస్త్రీ గారికి కబురు పెట్టాలి. పుచ్చిన బొంగు ఒక్కటే తీసి కొత్తది వేయవచ్చు, అదే వెదురులోని సౌకర్యం. ఈ పనికి నలుగురు సభ్యుల జట్టు కావాలని కార్యవర్గం నోటీసు బోర్డులో పెట్టింది. మొదటి పేరు నాది. మిగిలిన పేర్లు మీరు రాయాలి. మిగిలిపోయిన పదకొండు బొంగులను మెట్ల కింద నీడలో, నేలకు తగలకుండా, రెండు ఇటుకల మీద పేర్చి ఉంచాం. దయచేసి వాటి మీద ఏమీ పెట్టకండి.

తరగతి ఉదయం అయిదున్నరకు. కుటుంబ సభ్యులు కూడా రావచ్చు.

ఇట్లు,
మీలో ఒకడు,
విశ్రాంత సీనియర్ అసిస్టెంటు